తెల్ల లెన్స్ కొనాలా వద్దా: ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్ కేసు

"అన్నా, 70-200 కొనేయమంటారా?" అని నా కౌంటర్ దగ్గర ఏడాది పొడుగునా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. 70-200 అంటే 70 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా జూమయ్యే లెన్స్, మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ దూరంలో ఉన్నవి దగ్గరగా కనపడతాయి, సోనీ వాళ్ళ ఖరీదైనది తెల్లగా ఉంటుంది. నేను విజయవాడలో లెన్సులు అద్దెకిస్తా, క్లీనింగ్ చేస్తా, అంతకుముందు పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాణ్ణే. చాలామందికి టీ చల్లారేలోపు జవాబు చెప్పి పంపించేస్తా. ఈ ఒక్క కేసు మాత్రం ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను ధీమాగా చెప్పిన మొదటి సలహా తప్పింది, ఎందుకు తప్పిందో తెల్సుకోడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎవరో పోల్చుకోకుండా ఊరు, పేరు, కొన్ని చిన్న వివరాలు తీసేశా, అతన్ని తమ్ముడు అనే అంటా, నేనూ బయట అలాగే పిలుస్తా కాబట్టి.

నేపథ్యం

కోనసీమ వైపు చిన్న టౌన్, సొంత స్టూడియో, ముప్ఫై దాటిన వయసు, ఎనిమిదేళ్ళ అనుభవం. ఆల్బమ్ డిజైనింగూ లెక్కలూ అతని భార్య, అంటే నాకు మరదలు, చూస్కుంటుంది. బ్యాగులో సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీలు రెండు, టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8, సోనీ 85 ఎఫ్ 1.8, ఒక పాత 50, ఫ్లాష్‌లు రెండు. (ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీస్కుంటుంది.) నిజం చెప్పాలంటే ఇది బక్క కిట్ కాదు, ఇంతకంటే తక్కువతో నేను బోలెడు పెళ్ళిళ్ళు లాగించా.

కార్తీకంలో, సీజన్ మాంచి ఊపులో ఉండగా వచ్చాడు, చేతిలో కొటేషన్. సోనీ 70-200 జీఎం (సోనీలో పై రకం లెన్సులు) రెండో తరంది, జీఎం టూ అంటారు, 2,38,000. పన్నెండు నెలల ఈఎంఐ పెడితే నెలకి ఇంచుమించు ఇరవై వేలు. అది కాకపోతే మరదలు వేస్తున్న మూడు లక్షల చీటీ ఉంది, అది పాడేద్దామని ఇంకో ఆలోచన. "రేపే కొనేయాలన్నా, ఇంక ఆగలేను" అన్నాడు. ఆగలేను అన్నవాణ్ణి ముందు కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టా.

అసలు కంప్లైంట్ ఏంటి

అడిగితే మూడు విషయాలు ఒకే గుక్కలో చెప్పాడు. ఒకటి, ఒక పెద్దింటి పెళ్ళి మాట్లాడటానికి వెళ్తే పెళ్ళికూతురి మేనమామ "మీ దగ్గర ఆ తెల్ల లెన్స్ లేదా, మా వాళ్ళ పెళ్ళికి వచ్చినోళ్ళందరి దగ్గరా ఉంది" అన్నాడట, ఆ బుకింగ్ పోయింది. రెండు, తలంబ్రాల ఫోటోలు షార్ప్‌గా రావట్లేదని కస్టమర్లు అంటున్నారు. మూడు, బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవట్లేదు, రాజమండ్రి టీముల ఫోటోల్లో వెనకాల అంతా వెన్నలా ఉంటది, మనవాటిల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

మూడింటికీ మందు ఒకటే అని అతను ఫిక్స్ అయిపోయాడు. నాకు మాత్రం మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపించాయి, అందుకే ఖరీదు జోలికి పోకుండా ముందు హార్డ్‌డిస్క్ తెమ్మన్నా, కిందటి సీజన్ నాలుగు పెళ్ళిళ్ళవి, ఎడిట్ చేసిన కేటలాగుతో సహా.

షార్ప్‌నెస్ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. తలంబ్రాల ఫోటోలన్నీ సెకనులో 60వ వంతు, 80వ వంతు సేపు షట్టర్ తెరిచి తీసినవి. పెళ్ళికొడుకు చెయ్యి పైకి లేస్తుంది, బియ్యం ఎగురుతుంది, పెళ్ళికూతురు కళ్ళు మూస్కుని తల వంచుతుంది, అంతా కదలికే. దాన్ని 80వ వంతు ఆపలేదు, స్టెబిలైజేషన్ కూడా ఆపలేదు, అది ఆపేది మన చేతి వణుకుని, ఎదుటివాడి చేతిని కాదు. పైగా అతని 28-75 కూడా ఎఫ్ 2.8ఏ కదా, రెండున్నర లక్షలు పెట్టినా ఎఫ్ 2.8 ఎఫ్ 2.8ఏ, ఒక్క చుక్క వెలుతురు ఎక్కువ రాదు. వెలుతురుకి ఎంత స్పందించాలో కెమెరానే సర్దుకునే ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ 250వ వంతు పెట్టించా, ఐఎస్ఓ 6400 దాకా వదిలేయమన్నా. కాస్త గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చినా ఆల్బమ్‌లో ఎవరూ పట్టించుకోరు గానీ కదిలిన మొహాన్ని మాత్రం పెళ్ళికూతురి తల్లి జన్మలో మర్చిపోదు. ఖర్చు సున్నా. వారం తర్వాత ఫోన్ చేసి "అన్నా ఇంత సింపులా" అన్నాడు, కొంచెం నిరాశగానే అన్నాడు, ఎందుకంటే లెన్స్ కొనడానికున్న కారణాల్లో ఒకటి తగ్గిపోయింది.

బ్యాక్‌గ్రౌండ్ సంగతికి చిన్న లెక్క వేసి చూపించా. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్స్ మీద రాసుండే మిల్లీమీటర్లని, ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే కన్నం సైజు వస్తుంది. 75ని 2.8తో భాగిస్తే 27 మిల్లీమీటర్లు. 85ని 1.8తో భాగిస్తే 47. 200ని 2.8తో భాగిస్తే 71. మనిషిని ఫ్రేమ్‌లో ఒకే సైజులో నింపినప్పుడు వెనక దూరంగా ఉన్నవి ఎంత కరుగుతాయనేది ఇంచుమించు ఈ కన్నాన్ని బట్టే ఉంటుంది. అంటే 27 నుంచి 71కి వెళ్తే తేడా మామూలుగా ఉండదు, నిజమే. కానీ 47 ఆల్రెడీ అతని బ్యాగులో ఉంది, కిందటి సీజన్లో దాన్ని నాలుగు పెళ్ళిళ్ళకి కలిపి ముప్ఫై నలభై సార్లకి మించి తియ్యలేదు. "లెన్స్ మార్చడం బద్ధకం అన్నా" అన్నాడు. రెండు బాడీలున్నాయి కదయ్యా, ఒకదానికి అది బిగించి మెడలో వేస్కో అన్నా.

ఇంకోటి, 200 దగ్గర నిలువు ఫ్రేమ్‌లో నడుం నుంచి తలదాకా ఫోటో తియ్యాలంటే పదహారడుగులు వెనక్కి పోవాలి, పాదాల నుంచి తలదాకా కావాలంటే ముప్ఫై మూడడుగులు. వాళ్ళ ఊరి ఫంక్షన్ హాల్లో స్టేజీ అంచు నుంచి మొదటి సోఫాల దాకా ఎంత ఉందో అడుగులేసి కొలిచి చెప్పమన్నా. పద్నాలుగు. ఆ వెనకంతా జనాల తలకాయలే. ఇక జీలకర్ర బెల్లం టైములో అయితే మండపం చుట్టూ నలభై మంది చుట్టాలు, వీడియో అతను, లైట్ పట్టుకునే కుర్రాడు, అక్షింతల పళ్ళెంతో పిన్నిగారు, దూరం నుంచి తీద్దామంటే వీపులు తప్ప ఏం కనపడవు. మన పెళ్ళిలో ముఖ్యమైన పది నిమిషాలూ ఫోటోగ్రాఫర్ ఆరడుగుల లోపలే ఉండాలి, అక్కడ 70 కూడా ఎక్కువే.

నా మొదటి సలహా, అది ఎలా బెడిసిందంటే

తర్వాత ఆల్బమ్‌కి ఎంచిన ఫోటోలన్నీ, నాలుగు పెళ్ళిళ్ళవి కలిపి 1,150 దాకా ఉన్నాయి, ఫోకల్ లెంగ్త్ వారీగా ఫిల్టర్ చేశా. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, 75 మీద ఎన్ని తీశామో చూసి ఊరుకుంటారు. ఉన్న లెన్స్ 75 దాకానే వెళ్తే రికార్డులో 200 ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే నేను 75 దగ్గర తీసి, తర్వాత ఎడిటింగులో గట్టిగా క్రాప్ చేసినవి, అంటే అంచులు కోసేసి మధ్యది పెద్దది చేసినవి, ఎన్నో చూశా, ఎందుకంటే మనిషికి ఇంకా దగ్గర కావాలనిపించి అందలేదనడానికి ఆ క్రాపే సాక్ష్యం. 110 తేలాయి. పదో వంతు.

పదో వంతు ఫోటోల కోసం రెండున్నర లక్షలా, వద్దు, కావాల్సినప్పుడు అద్దెకి తీస్కో అన్నా. లెక్క కూడా వేశా. కొంటే పోయేది మొత్తం 2,38,000 కాదు, బిల్లు, బాక్సు ఉండి శుభ్రంగా వాడితే రెండేళ్ళ తర్వాత అరవై శాతానికైనా పోతుందనుకుందాం, అంటే నిజంగా కరిగేది 95 వేలు. అద్దె రోజుకి పదిహేను వందలు. రెండేళ్ళలో అరవై రోజులకి పైన వాడితేనే కొనడం లాభం, అతను అంత వాడడు, కాబట్టి అద్దె. నా కౌంటర్‌కి కూడా గిరాకీ అనే సంగతి దాచను, ఆ సలహా ఇచ్చేప్పుడు అది నా మనసులో ఏ మూలో ఉండే ఉంటుంది.

మార్గశిరంలో మొదటిసారి అడిగాడు. నా దగ్గర ఉన్న రెండు 70-200లూ అప్పటికే బుక్ అయిపోయాయి. విజయవాడలో ఇంకో ఇద్దరికి ఫోన్ చేశా, వాళ్ళవీ లేవు. ఎందుకు ఉంటాయి? మన పెళ్ళిళ్ళు ఆదివారాలు చూస్కుని పెట్టుకునేవి కాదు, పంతులుగారు ఏ ముహూర్తం చెప్తే రాష్ట్రమంతా అదే రాత్రి పెళ్ళిళ్ళు. అతనికి లెన్స్ కావాల్సిన రోజున కృష్ణా, గోదావరి జిల్లాల్లో ప్రతి ఫోటోగ్రాఫర్‌కీ కావాలి. అద్దెకిచ్చేవాణ్ణి, నాకే ఇది తట్టకపోవడం సిగ్గుచేటు. రెండోసారి దొరికింది, కానీ ముందురోజు మధ్యాహ్నం బస్ పార్సిల్‌లో పంపి, పెళ్ళి అయ్యాక మర్నాడు అతను తిప్పి పంపి, నాకు చేరేసరికి మూడు రోజులు, అంటే ఒక్క పెళ్ళికి నాలుగున్నర వేలు, పార్సిల్ చార్జీలు వేరే. నేను వేసిన అరవై రోజుల లెక్క ఇరవై ఒక్క పెళ్ళికి పడిపోయింది. రెండేళ్ళలో ఇరవై ఒకటంటే అతను అందుకోలేనిది కాదు.

సెకండ్ హ్యాండ్ ముచ్చట

నేను ఈ లెక్క మళ్ళీ వేస్కుంటుండగానే అతను ఆన్‌లైన్‌లో ఒక పాత తెల్ల 70-200 చూసి ఐదు వేలు అడ్వాన్స్ పంపేశాడు, లక్షా పది వేలకి బేరం. నాకు చెప్పకుండా. చెప్పాక "సర్లే, తీస్కురా, చూద్దాం" అన్నా, అమ్మేవాణ్ణి కూడా మా కౌంటర్‌కే రమ్మన్నాం.

ముందు వెనక మూత తీసి మొబైల్ టార్చ్ వేసి అవతలి వైపు నుంచి చూశా. లోపల ఒక గాజు అంచున సన్నగా, సాలెగూడు పోగుల్లా ఫంగస్ మొదలైంది. అది ఒక్కటే అయితే క్లీనింగ్‌లో పోతుందేమో అనుకునేవాణ్ణి. తర్వాత కెమెరాకి బిగించే మౌంట్ చుట్టూ ఉన్న స్క్రూలు చూశా, రెండింటి తలల మీద నలుపు గీసుకుపోయి మెరుస్తోంది, అంటే ఎవరో విప్పారు. మా షాపు వెనక సున్నం వెయ్యని ఇటుక గోడ ఒకటుంది, ట్రైపాడ్ మీద పెట్టి గోడకి తిన్నగా ఉందో లేదో చూస్కుని 70లో, 135లో, 200లో ఎఫ్ 2.8 మీద ఒక్కోటి తీశా. కంప్యూటర్లో నాలుగు మూలలూ పెద్దవి చేసి పక్కపక్కన పెడితే, 200 దగ్గర ఎడమవైపు ఇటుకల మధ్య ఇసుక రేణువులు కనపడుతున్నాయి, కుడివైపు ఇటుకలే నూనె కాగితంలోంచి చూసినట్టున్నాయి. ఎప్పుడో కిందపడింది, లోపల ఏదో గ్లాస్ పక్కకి జరిగింది. అమ్మేవాడు "నేనెప్పుడూ గమనించలేదండీ" అన్నాడు, నిజమే అయ్యుండొచ్చు, అతను తీసినవన్నీ మధ్యలో మొహం ఉండే ఫోటోలే. బిల్లు అడిగితే లేదు. ఐదు వేలు పోయాయి. నేను ఓపిగ్గానే ఉన్నా, మరదలు మాత్రం ఫోన్లో గట్టిగానే తిట్టినట్టుంది, అటు నుంచి మాటలు నాకు కూడా వినపడ్డాయి.

ప్రభల తీర్థం, ప్రేమలో పడటం

సంక్రాంతికి నా షెల్ఫు నిండా లెన్సులు ఖాళీగా ఉంటాయి, పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు కదా. ఐదు వేలు పోగొట్టుకున్న బాధలో ఉన్నాడని కొత్త జీఎం టూ అద్దె లేకుండా ఇచ్చి పంపా. కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీస్కెళ్ళాడు, ప్రభ అంటే దేవుణ్ణి నిలిపి రంగుల గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడం. గంగలకుర్రు ఊరి ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటించే ఘట్టం, గుండెల దాకా నీళ్ళలో జనం, పైన రంగు రంగుల ప్రభ ఊగుతూ, వెనక కొబ్బరిచెట్లన్నీ 200లో దగ్గరకొచ్చి ప్రభ మీదకి వాలినట్టు ఉన్నాయి. ఫోటోలు చూసి నేనే రెండు నిమిషాలు మాట్లాడలేదు.

అంత బాగుండటమే వచ్చిన చిక్కు. ఆ రాత్రే మళ్ళీ కొటేషన్ పంపించాడు. నేను అడిగింది ఒక్కటే, "ఆ ఫోటోలకి ఎంత ఇచ్చారు?" అని. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. లెన్స్‌ని పరీక్షించాలంటే అది అందంగా పనిచేసే చోట కాదు, మనకి డబ్బులొచ్చే చోట పరీక్షించాలి, సినిమా పాటల ఫోటోలు చూసి పెళ్ళిచూపులకి వెళ్ళకూడదన్నట్టు. సంతోషం కోసం కొనుక్కుంటే తప్పని నేననను, నాకూ అలాంటివి బీరువాలో రెండున్నాయి, కానీ అప్పుడు దాన్ని వ్యాపారం ఖాతాలో రాయకూడదు, ఈఎంఐ మీద అసలు కొనకూడదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఆగుతాయి, మూఢం వస్తే వారాల తరబడి ఆగుతాయి, ఈఎంఐ మాత్రం ఏ మాసంలోనూ ఆగదు.

మరదలి పుస్తకం

ఈ దశలో అసలు మలుపు నా వల్ల రాలేదు. వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు మరదలు లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టి, "బావగారూ, మీరు ఫోటోలు లెక్కపెట్టారు, నేను పోయిన బేరాలు రాసుకున్నా చూడండి" అంది. రెండేళ్ళుగా వచ్చి వెనక్కెళ్ళిపోయిన ఎంక్వయిరీలు, పక్కన కారణం. రేటు కుదరక, డేట్ కుదరక, ఇలా. వాటిల్లో ఐదారు చోట్ల "చర్చి" అని రాసి ఉంది.

ఏంటిదని అడిగితే తమ్ముడు చెప్పాడు. రెండేళ్ళ కిందట ఒక చర్చి పెళ్ళిలో ప్రమాణాలు చేసేప్పుడు ముందుకెళ్ళి తీస్తుంటే పాస్టరు గారు ప్రార్థన ఆపి మరీ వెనక్కెళ్ళమన్నారట. అప్పట్నుంచి భయం, చర్చి పెళ్ళిళ్ళు వస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాడు, మొహమాటానికి ఒకటో రెండో ఒప్పుకున్నా ఫోటోలు బాగా రావట్లేదు. ఇది నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు, ఎందుకంటే దాన్ని అతను లెన్స్ సమస్య అనుకోలేదు, అవమానం అనుకున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ 110 క్రాప్ ఫోటోలు మళ్ళీ తెరిచి, ఈసారి పెళ్ళి వారీగా విడదీశా. నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి చర్చిది. 110లో 70 దానివే. మిగతా మూడు పెళ్ళిళ్ళకీ కలిపి నలభై. నేను అన్నిటినీ ఒకే కుప్పలో పోసి సగటు తీసి పదో వంతు అని తేల్చేశా, ఆ కుప్పలో ఒక పెళ్ళి మొత్తం దాక్కుని ఉంది. మూడు పెళ్ళిళ్ళకి ఈ లెన్స్ అక్కర్లేదు, నాలుగోదానికి అది లేకపోతే పనే లేదు. నాలుగో రకం పెళ్ళిళ్ళు తక్కువగా కనపడటానికి కారణం ఊళ్ళో అవి లేక కాదు, కోనసీమలో చర్చి పెళ్ళిళ్ళకేం కొదవ, ఇతనే వద్దనుకుంటున్నాడు.

పనిచేసిన పద్ధతి

మాఘంలో మూడు పనులకి అద్దెకిచ్చా, ఈసారి ముహూర్తాలకి నెలన్నర ముందే డేట్ బ్లాక్ చేసి. ఒక హిందూ పెళ్ళి, ఒక చర్చి పెళ్ళి, ఒక కూచిపూడి అరంగేట్రం. షరతు ఒకటే, లెన్స్ బ్యాగులోంచి తీసిన ప్రతిసారీ ఎందుకు తీశాడో ఫోన్లో ఒక్క ముక్క రాయాలి.

హిందూ పెళ్ళిలో నాలుగు సార్లు. అందులో ఒకటి "ఊరికే" అని రాశాడు, నిజాయితీ మెచ్చుకోవాలి. చర్చిలో ఒకసారి బిగించాక మళ్ళీ విప్పనే లేదు. అరంగేట్రంలో రెండు గంటలూ అదే, ఆడియన్స్‌కి అడ్డం రాకుండా హాలు పక్క నడవాలోంచి.

చర్చిలో అతన్ని నిలబెట్టిన చోటు నుంచి పెళ్ళికొడుకు దాకా ముప్ఫై అడుగులు, అంటే తొమ్మిది మీటర్లు. అడ్డం ఫ్రేమ్‌లో ఆ దూరం నుంచి 75తో దాదాపు మూడు మీటర్ల ఎత్తు ఫ్రేమ్‌లోకి వస్తుంది, మనుషులు చీమలు. 85ని క్రాప్ మోడ్‌లో, అంటే సెన్సర్ మధ్య భాగమే వాడేలా, పెట్టి చూడమని అంతకుముందే చెప్పా, ఏ7 త్రీలో అలా చేస్తే 10 మెగాపిక్సెల్ వస్తుంది, 12/36 అంగుళాల ఆల్బమ్ షీట్లో సగానికి వేసినా అంగుళానికి రెండొందల చిల్లర చుక్కలు పడతాయి, ప్రింటుకి ఇబ్బంది లేదు. కానీ ఫ్రేమ్‌లో ఇంకా మీటరున్నర పైనే పడుతుంది, ఉంగరం తొడిగేప్పుడు వేళ్ళు కావాలంటే కుదరదు. 200 అయితే మీటరు పైన ఎనిమిది సెంటీమీటర్లు. 180 అయితే మీటరు ఇరవై.

ఈ చివరి రెండంకెలు కాగితం మీద పక్కపక్కన రాసేసరికి అసలు ప్రశ్న మారిపోయింది. 200కీ 180కీ తేడా పన్నెండు సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. అప్పుడు టామ్రాన్ 70-180 ఎఫ్ 2.8 మొదటిది ముందుకొచ్చింది, తొంభై వేల చిల్లరకి ఆఫర్లో ఉంది, కొత్తది, బిల్లుతో. లోపల స్టెబిలైజేషన్ లేదు, కానీ ఏ7 త్రీ బాడీలోనే ఉంది. దూరాన్ని ఇంకా దగ్గరకి లాగే టెలికన్వర్టర్ పట్టదు, పెళ్ళిళ్ళకి దాంతో పనిలేదు. జూమ్ చేస్తే బయటికి పొడుగొస్తుంది, జీఎం లాగా లోపలే జరగదు. బరువు 810 గ్రాములు, జీఎం టూ 1,045, మొదటి జీఎం అయితే 1,480, రాత్రి పదింటికి మొదలై తెల్లారి అప్పగింతల దాకా మెడలో వేలాడే బరువు కాబట్టి ఆ రెండొందల గ్రాములు నేను చిన్నచూపు చూడను. ఫిల్టర్ సైజు 67, అతని 28-75దీ 67, 85దీ 67, ఉన్న ఫిల్టర్లు మూడింటికీ సరిపోతాయి. ఫోకస్ వేగంలో జీఎం ఒక మెట్టు పైనే ఉండొచ్చు గానీ చర్చిలో నడిచొచ్చే పెళ్ళికూతురి మీద రెండూ పెట్టి చూస్తే నాకు తేడా దొరకలేదు. క్రికెట్టో కబడ్డీయో తీసేవాడైతే నేను వేరేలా చెప్పేవాణ్ణి.

డబ్బు లెక్క మరదలే చేసింది. చీటీ ఇప్పుడు పాడితే మూడు లక్షలకి చేతికొచ్చేది రెండు లక్షల నలభై వేలు. ఆ తెల్ల లెన్స్ కోసం 2,38,000 కట్టడం అంటే నిజానికి మూడు లక్షల చీటీని ఊడ్చి ఇచ్చేయడం. పైగా వాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఏడాది ఆదాయం ఇరవై లక్షల లోపే, కాబట్టి ఆ ధరలో 18 శాతం కింద ఉన్న ముప్ఫై ఆరు వేల చిల్లర పన్నులో పైసా వెనక్కి రాదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, పెద్ద టీములు అలవోకగా కొనేయడానికి అది కూడా ఒక కారణం, మనవాళ్ళు దాన్ని చూడకుండా వాళ్ళ బ్యాగులే చూస్తారు. తొంభై వేలకైతే చీటీ ముట్టుకోనక్కర్లేదు, మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళ డబ్బులు సరిపోతాయి.

ఫాల్గుణంలో కొన్నాడు.

కుదరనిది కూడా ఉంది

మేనమామ గారి ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. టామ్రాన్ నల్లగా ఉంటుంది. మొదట్లో నేను "లెన్స్ రంగు చూసి ఎవరైనా డబ్బులిస్తారా" అని తేలిగ్గా తీసేశా, అది కూడా నా తప్పే. ఇస్తారు. ఫోటోలు చూసి బేరీజు వెయ్యడం కస్టమర్లలో అందరికీ రాదు, బ్యాగు చూసి వేస్తారు, బంగారం షాపుకి ఏసీ ఎందుకో ఇదీ అందుకే. కాకపోతే ఆ హంగు ఖరీదు ఎంత, అది తెచ్చే బేరాలెన్ని అనేది విడిగా లెక్కెయ్యాలి. మరదలి పుస్తకంలో రెండేళ్ళలో "తెల్ల లెన్స్" అని రాసిన బేరం ఒక్కటే ఉంది. అలాంటి పెద్దింటి పనులొస్తే రిసెప్షన్‌కి రాజమండ్రి నుంచి ఒక కుర్రాణ్ణి తెల్ల లెన్స్‌తో సహా పిలిపించుకుంటున్నాడు. రిసెప్షన్ సాధారణంగా ముహూర్తం మర్నాడు కాబట్టి మనిషీ దొరుకుతాడు, లెన్సూ దొరుకుతుంది.

ఏడాది తర్వాత లెక్క: చర్చి పెళ్ళిళ్ళు తొమ్మిది, అరంగేట్రాలు రెండు, ఒక స్కూల్ యానివర్సరీ. తొమ్మిదీ లెన్స్ వల్లే వచ్చాయా అంటే అనలేను, సగం మాత్రం అతను "వస్తా" అని చెప్పడం మొదలెట్టినందుకే వచ్చాయి. అవమానం జరిగిన అదే చర్చిలో మళ్ళీ తీశాడు. పాస్టరు గారు ఫోటోగ్రాఫర్ ఎక్కడా అని వెతుక్కున్నారట.

ఆషాఢంలో ఒక చిన్న గొడవ. పెళ్ళిళ్ళు లేవని లెన్సులన్నీ లెదర్ పౌచుల్లో పెట్టి, నాఫ్తలీన్ ఉండలతో సహా, బీరువాలో బట్టల మధ్య పెట్టేశాడు. కోనసీమ వానాకాలం గాలి పిండితే నీళ్ళు కారతాయి, లెదరు తేమని పట్టి ఉంచుతుంది, పాత 50లో ఫంగస్ వచ్చేసింది. కొత్తదాన్ని మాత్రం కొన్న ముచ్చటకి వారానికోసారి బయటికి తీసి చూస్కుంటున్నాడు కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్, తేమ శాతం చూపించే మూడొందల రూపాయల చిన్న హైగ్రోమీటర్, ముల్లు 40కీ 50కీ మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే మూకుడులో వేడి చేసి మళ్ళీ వేస్తారు, ఆ మూకుడు వంటకి మాత్రం వాడకండి.

ఇప్పుడు ఎవరొచ్చినా నేను చేసే పని

ఫోటోల్లో అందని దూరాన్ని చూస్తా, కానీ కలిపి కాదు, పని వారీగా విడగొట్టి. ఇంకా ముందు అడిగేది "ఏ పనులు వద్దంటున్నావు" అని, ఎందుకంటే వద్దన్న పనికి ఏ హార్డ్‌డిస్క్‌లోనూ ఫైల్ ఉండదు. వీలైతే లెక్కలు రాసేవాళ్ళతో కూడా మాట్లాడతా, తీసేవాడికి గుర్తుండనివి వాళ్ళ దగ్గర రాసి ఉంటాయి. నిలబడే చోటుకీ మనిషికీ మధ్య దూరం అడుగుల్లో చెప్పమంటా. అద్దె సలహా ఇచ్చే ముందు పంచాంగం తిప్పుతా. ఆ ముహూర్తానికి నా దగ్గర లెన్స్ ఖాళీగా ఉండదని నాకే తెలిస్తే, అద్దెకి తీస్కోమని చెప్పడం మోసమే.

మొన్న చైత్రంలో ఫోన్ చేశాడు. టామ్రాన్ రెండోది వచ్చిందట కదన్నా, అందులో స్టెబిలైజేషన్ ఉందట, లేకపోతే సోనీ జీఎం టూ ధర ఏమన్నా తగ్గిందా అని మొదలెట్టాడు. చీటీ ఎప్పటికి పూర్తవుతుంది అని అడిగా. అతను తడుముకుంటుంటే వెనక నుంచి మరదలు ఫోన్ తీస్కుని, "మాఘానికి బావగారూ, ఈలోపు మీరేం లింకులు పంపకండి" అంది.